ఈక్వాలిటీ కాలిఫోర్నియా

ఈక్వాలిటీ కాలిఫోర్నియా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లైంగిక అల్పసంఖ్యాకుల పౌర హక్కుల కొరకు పనిచేస్తున్న సంస్థ. సంస్థ పేరుకు కాలిఫోర్నియాలో సమానత్వం అని అర్థం చెప్పుకొనవచ్చును. ఇది 1998లో కాలిఫోర్నియా అలయన్స్ ఫర్ ప్రైడ్ అండ్ ఈక్వాలిటీ అనే పేరుతో ప్రారంభమై, తరువాత ప్రస్తుత నామాన్ని స్వీకరించినది. చట్టసభలలో బిల్లులు ప్రవేశపెట్టించుట, న్యాయస్థానాలలో వాదించుట, ఎన్నికలలో ప్రచారం చేయుట, ప్రజలకు అవగాహన కలిగించుట దీని ప్రధాన కార్యక్రమాలు. స్వలింగ వివాహ హక్కు కొరకు ఈ సంస్థ సాగించిన కృషి విశేష ప్రాచుర్యం పొందినది. ఆ హక్కు 2008లో న్యాయస్థానం ద్వారా లభించి, అదే సంవత్సరం ప్రజల ఓటుతో రద్దయి, 2013లో తిరిగి లభించి, 2024లో ప్రజల ఓటుతోనే రాష్ట్ర రాజ్యాంగంలో చేరినది.

పదాల వివరణ

ఎల్.జి.బి.టి. అనే సంక్షిప్త నామం నాలుగు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో ఏర్పడినది. లెస్బియన్ అనగా స్త్రీల పట్ల ఆకర్షణ గల స్త్రీ. గే అనగా పురుషుల పట్ల ఆకర్షణ గల పురుషుడు. బైసెక్సువల్ అనగా స్త్రీ పురుషులిరువురి పట్ల ఆకర్షణ గల వ్యక్తి. ట్రాన్స్‌జెండర్ అనగా పుట్టినపుడు నమోదైన లింగానికి, తాను మనసులో గుర్తించుకొన్న లింగానికి తేడా గల వ్యక్తి. మొదటి మూడూ ఎవరి పట్ల ఆకర్షణ కలదో తెలిపేవి కాగా, నాలుగవది తానెవరో తెలిపేది. ఈ రెంటినీ ఒకటిగా భావించుట సాధారణంగా జరిగే పొరపాటు.

నేపథ్యం

కాలిఫోర్నియాలో వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించే చట్టం 1975లో రద్దు చేయబడినది. సంబంధిత బిల్లుపై రాష్ట్ర సెనేట్‌లో అనుకూలంగా 20, వ్యతిరేకంగా 20 ఓట్లు వచ్చినవి. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు మెర్విన్ డైమలీ ప్రత్యేకంగా రాజధాని శాక్రమెంటోకు తిరిగివచ్చి తన నిర్ణాయక ఓటును బిల్లుకు అనుకూలంగా వేశాడు. ఆ రద్దు 1976 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది.

అయితే 1977లో వివాహమనగా స్త్రీ పురుషుల మధ్య జరిగేదేనని రాష్ట్ర చట్టంలో చేర్చబడినది. స్వలింగ ఆకర్షణ గల ఉపాధ్యాయులను ప్రభుత్వ పాఠశాలల నుండి తొలగించుటకు వీలు కల్పించే 6వ ప్రతిపాదన 1978లో ప్రజల ఓటుకు వచ్చినది. శాన్ ఫ్రాన్సిస్కో నగర పాలక సభ్యుడు హార్వీ మిల్క్ దానిని ఎదిరించిన వారిలో ప్రముఖుడు. ఓటర్లలో 58 శాతానికి పైగా ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. అదే నెల 27న మిల్క్, నగర మేయరు జార్జ్ మోస్కోనీ హత్యకు గురయ్యారు.

ఉద్యోగాలలో లైంగిక ఆకర్షణను బట్టి వివక్ష చూపరాదనే చట్టం 1992లో వచ్చినది. 1994లో షీలా క్యూల్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనది. తాను లెస్బియన్‌నని బహిరంగంగా ప్రకటించుకొని కాలిఫోర్నియా శాసనసభలో అడుగుపెట్టిన మొదటి వ్యక్తి ఆమె. రాష్ట్రమంతటికీ వర్తించే చట్టాల కొరకు ఒక స్థిరమైన సంస్థ ఏర్పడుటకు ఇది పూర్వరంగం.

నిర్మాణం, పనిచేసే తీరు

సంస్థ మూడు భాగాలుగా పనిచేస్తుంది. మొదటిది చట్టాల కొరకు శాసనసభ్యులతో సంప్రదింపులు జరిపే భాగం. రెండవది విద్య, పరిశోధన, అవగాహన కార్యక్రమాలను నిర్వహించే ఇన్‌స్టిట్యూట్. మూడవది ఎన్నికలలో అభ్యర్థులకు మద్దతునిచ్చే రాజకీయ నిధి. అమెరికా పన్ను చట్టాలు దాతృత్వ సంస్థలను ఎన్నికల ప్రచారంలో పాల్గొననీయవు. కనుక ఈ విధమైన విభజన అక్కడి పౌర సంస్థలలో సర్వసాధారణం.

కాలిఫోర్నియాలో ఒక సంస్థ ఏదైనా బిల్లుకు ప్రాయోజకురాలిగా వ్యవహరించవచ్చును. అనగా బిల్లు ముసాయిదాను తయారుచేయుటలో తోడ్పడి, దానిని సభలో ప్రవేశపెట్టుటకు ఒక సభ్యుని ఒప్పించి, సభాసంఘాల ముందు సాక్ష్యమిప్పించి, చివరి ఓటింగు వరకు వెంటనంటి ఉంటుంది. సభ్యులు ఏ బిల్లుపై ఏ విధంగా ఓటు వేశారో తెలిపే మార్కుల పట్టికను ఈక్వాలిటీ కాలిఫోర్నియా ప్రకటిస్తుంది. తన సభ్యుడు ఏ పక్షాన నిలిచాడో ఓటరుకు దీని ద్వారా తెలుస్తుంది.

రాష్ట్ర గవర్నరు మన దేశంలో వలె నియమితుడు కాదు, ప్రజలచే నేరుగా ఎన్నుకొనబడిన కార్యనిర్వాహక అధిపతి. ఉభయ సభలు ఆమోదించిన బిల్లును ఆయన తిరస్కరించవచ్చును. అందుచేత సభలలో విజయం సాధించినా పని పూర్తయినట్లు కాదు.

సంస్థకు జెఫ్రీ కోర్స్ 2002 నుండి 2011 వరకు కార్యనిర్వాహక సంచాలకుడుగా ఉన్నాడు. 2014 నుండి 2021 వరకు ఆ పదవి నిర్వహించిన రిక్ జ్బర్ 2022లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 2021లో టోనీ హోవాంగ్ ఆ బాధ్యతలు స్వీకరించాడు.

గృహ భాగస్వామ్య చట్టాలు

కలిసి జీవించే ఇద్దరు స్త్రీలలో ఒకరు ఆసుపత్రిలో ఉంటే, రెండవ వారు చట్టం దృష్టిలో పరాయివారే. చూచుటకు వెళ్ళే హక్కు లేదు, చికిత్స గురించి నిర్ణయించే హక్కు లేదు, మరణిస్తే ఆస్తిపై హక్కు లేదు. ఈ ఇబ్బందులను వివాహం అనే పదం జోలికి పోకుండా ఒక్కొక్కటిగా తొలగించుట మొదటి దశలోని వ్యూహం.

1999లో ఆమోదించిన ఎ.బి. 26 అనే చట్టం జంటలు రాష్ట్ర ప్రభుత్వం వద్ద గృహ భాగస్వాములుగా నమోదు చేసుకొనే అవకాశం కల్పించినది. అప్పుడు లభించినవి ప్రధానంగా ఆసుపత్రిలో భాగస్వామిని చూచే హక్కు, ప్రభుత్వోద్యోగుల భాగస్వాములకు ఆరోగ్య బీమా. 2001లో ఎ.బి. 25 మరికొన్ని హక్కులను చేర్చినది. 2003లో జాకీ గోల్డ్‌బర్గ్ ప్రవేశపెట్టిన ఎ.బి. 205 రాష్ట్ర చట్టం క్రింద భార్యాభర్తలకు ఉండే హక్కులను, బాధ్యతలను దాదాపు అన్నింటినీ గృహ భాగస్వాములకు వర్తింపజేసినది. ఇది 2005 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. ఉద్యోగం, నివాసం విషయాలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్షను నిషేధించిన ఎ.బి. 196 కూడా 2003 నాటిదే.

వివాహ బిల్లులు

2000 మార్చి 7న ఓటర్లు 22వ ప్రతిపాదనను 61.4 శాతం ఓట్లతో ఆమోదించారు. స్త్రీ పురుషుల మధ్య వివాహానికి మాత్రమే కాలిఫోర్నియాలో గుర్తింపు ఉంటుందని దీని సారాంశం. ఆంగ్లంలో ఇది 14 పదాల వాక్యం మాత్రమే.

2004 ఫిబ్రవరి 12న శాన్ ఫ్రాన్సిస్కో మేయరు గావిన్ న్యూసమ్ ఆదేశంపై ఆ నగరంలో స్వలింగ జంటలకు వివాహ లైసెన్సులు ఇచ్చుట ప్రారంభమైనది. అర్ధ శతాబ్దంగా కలిసి జీవించిన డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ మొదటి జంట. నెల రోజులలో సుమారు 4,000 జంటలు వివాహం చేసుకొన్నవి. రాష్ట్ర చట్టాన్ని ప్రక్కకు నెట్టే అధికారం నగరానికి లేదని పేర్కొంటూ రాష్ట్ర సుప్రీం కోర్టు ఆగస్టు 12న ఆ వివాహాలన్నీ చెల్లవని తీర్పు చెప్పినది.

2005 సెప్టెంబరులో మార్క్ లీనో ప్రవేశపెట్టిన ఎ.బి. 849 బిల్లు ఉభయ సభల ఆమోదం పొందినది. న్యాయస్థానపు ఒత్తిడి లేకుండా ఒక రాష్ట్ర శాసనసభ స్వలింగ వివాహ బిల్లును ఆమోదించుట దేశంలో అదే మొదలు. గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జనెగర్ దానిని తిరస్కరించాడు. 2007లో తిరిగి ఆమోదించిన బిల్లుకూ అదే గతి పట్టినది. ఈ విషయాన్ని ప్రజలు గాని న్యాయస్థానం గాని తేల్చవలెనన్నది ఆయన వైఖరి.

2008 తీర్పు

శాన్ ఫ్రాన్సిస్కో వివాహాలు ఆగిపోయిన తరువాత పలు జంటలు, నగర ప్రభుత్వం కోర్టును ఆశ్రయించగా, ఆ వ్యాజ్యాలలో ఈక్వాలిటీ కాలిఫోర్నియా కూడా ఒక పిటిషనరుగా ఉన్నది. జంటల పక్షాన వాదించిన న్యాయవాదులలో ముఖ్యుడు షానన్ మింటర్, స్వయంగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తి.

2008 మే 15న రాష్ట్ర సుప్రీం కోర్టు 4-3 ఆధిక్యంతో స్వలింగ జంటలకు వివాహ హక్కు కలదని తీర్పు చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి రొనాల్డ్ జార్జ్ తీర్పు వ్రాశాడు. భిన్న జాతుల వారి మధ్య వివాహాలపై గల నిషేధాన్ని అదే న్యాయస్థానం 1948లో కొట్టివేసినది. అప్పుడు కూడా ఆధిక్యం 4-3 మాత్రమే. ఆ పూర్వ తీర్పు 2008 నాటి తీర్పునకు ప్రధాన ఆధారాలలో ఒకటి. జూన్ మధ్య నుండి వివాహాలు మొదలై నవంబరు లోపల సుమారు 18,000 జంటలు ఒకటైనవి. మార్టిన్, లయన్ మరల మొదటి వరుసలో వివాహం చేసుకొన్నారు. మార్టిన్ అదే ఆగస్టులో మరణించినది.

8వ ప్రతిపాదన

కాలిఫోర్నియాలో ఇనీషియేటివ్ అనే పద్ధతి కలదు. నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరించినచో, శాసనసభతో నిమిత్తం లేకుండా ఒక చట్టాన్ని గాని రాజ్యాంగ సవరణను గాని నేరుగా ప్రజల ఓటుకు పెట్టవచ్చును. చట్టానికి గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకు 8 శాతం సంతకాలు కావలెను. 2008లో రాజ్యాంగ సవరణకు అవసరమైన సంతకాలు 694,354. ఓటింగులో సాధారణ ఆధిక్యం చాలును.

22వ ప్రతిపాదన సాధారణ చట్టం కనుక న్యాయస్థానం దానిని కొట్టివేయగలిగినది. ఈసారి ప్రత్యర్థులు అవే 14 పదాలను రాజ్యాంగ సవరణగా ముందుకు తెచ్చారు. కాథలిక్ చర్చి, మార్మన్ చర్చి మొదలగు మత సంస్థలు దీనిని బలపరచినవి. వివాహానికి అనాదిగా వస్తున్న అర్థాన్ని నలుగురు న్యాయమూర్తులు మార్చరాదని, నిర్ణయం ప్రజలదేనని వారి వాదన. సమానత్వం అనేది ఓట్లతో లెక్కించదగినది కాదని ఈక్వాలిటీ కాలిఫోర్నియా తదితరుల వాదన. స్వలింగ వివాహాన్ని కోరేవారు ఈ ప్రతిపాదనపై కాదు అని, వద్దనేవారు అవును అని ఓటు వేయవలసి యుండుట కూడా ప్రచారంలో ఒక చిక్కు.

ఇరుపక్షాలు కలిసి 8 కోట్ల డాలర్లకు పైగా వ్యయం చేసినవి. సెప్టెంబరు నాటి సర్వేలలో ప్రతిపాదన వ్యతిరేకులు ముందంజలో ఉన్నారు. స్వలింగ వివాహం గురించి చిన్నపిల్లలకు పాఠశాలలలో బోధిస్తారన్న ప్రకటనలు టెలివిజన్లో వచ్చిన పిమ్మట గాలి మారినది. రాష్ట్ర విద్యాధికారి జాక్ ఓకానెల్ స్వయంగా తెరపైకి వచ్చి ఖండించినప్పటికీ ఆ భయం పూర్తిగా తొలగలేదు.

నవంబరు 4న ప్రతిపాదన 52.24 శాతం ఓట్లతో నెగ్గినది. అనుకూలంగా 70 లక్షలు, వ్యతిరేకంగా 64 లక్షల ఓట్లు వచ్చినవి. బరాక్ ఒబామాకు 61 శాతం ఓట్లు ఇచ్చిన రాష్ట్రంలో, అదే రోజున, అదే ఓటరు పత్రంపై ఈ ఫలితం వెలువడినది.

ఓటమిపై విమర్శలు

ప్రతిపాదనను ఎదిరించిన ఉమ్మడి ప్రచార సంఘంలో ఈక్వాలిటీ కాలిఫోర్నియా ముఖ్య భాగస్వామి, కోర్స్ దాని కార్యనిర్వాహక వర్గ సభ్యుడు. కనుక ఓటమి తరువాత విమర్శలు ఈ సంస్థపైననే ఎక్కువగా వచ్చినవి. వాటిలో ముఖ్యమైనవి:

- ప్రకటనలలో స్వలింగ జంటలు, వారి పిల్లలు దాదాపు కనిపించలేదు. ఎవరి హక్కు గురించి ఓటు వేయుచున్నారో వారి ముఖాలనే ఓటర్లకు చూపలేదు.
- పాఠశాలల విషయమై వచ్చిన ఆరోపణలకు సమాధానం ఆలస్యమైనది.
- నల్లజాతి, లాటినో ప్రజల మధ్య, చర్చిలకు వెళ్ళే వారి మధ్య పని చాలినంత జరుగలేదు.
- టెలివిజన్‌పై పెట్టిన శ్రద్ధ ఇంటింటి ప్రచారంపై పెట్టలేదు.

సంస్థ అంతకుముందే 2007లో లెట్ కాలిఫోర్నియా రింగ్ అనే అవగాహన కార్యక్రమాన్ని ప్రారంభించియున్నది. దాని ప్రకటనలలో ఒకదానిలో, పెళ్ళికూతురు వరుని వద్దకు నడిచి వెళ్ళుచుండగా అడుగడుగునా ఆటంకాలు ఎదురై చేరలేకపోతుంది. ప్రేమించిన వారిని పెళ్ళాడలేకపోతే మీకెలా ఉంటుందన్నది అందులోని ప్రశ్న. అయితే ఇటువంటి పని ఎన్నికల వేడికి ముందే, సంవత్సరాల తరబడి జరుగవలెనన్నది 2008 నేర్పిన పాఠం. తరువాతి కాలంలో సంస్థ కార్యకర్తలు ఇండ్లకు వెళ్ళి, అవును అని ఓటు వేసిన వారితోనే ముఖాముఖి సంభాషణలు జరిపారు.

మరల ఎప్పుడు ఓటుకు వెళ్ళవలెనన్న విషయంపై ఉద్యమంలో భేదాభిప్రాయాలు వచ్చినవి. కొందరు 2010 అన్నారు. ఈక్వాలిటీ కాలిఫోర్నియా 2012 వరకు ఆగుదామన్నది. 2010 పక్షం వారు చాలినన్ని సంతకాలు సేకరించలేకపోయారు. 2012 ఆలోచనను కూడా చివరకు విరమించారు.

న్యాయస్థానాలలో పరిణామాలు

ప్రతిపాదన చెల్లదంటూ వేసిన వ్యాజ్యంలోనూ ఈక్వాలిటీ కాలిఫోర్నియా పిటిషనరే. రాష్ట్ర సుప్రీం కోర్టు 2009 మే 26న 6-1 ఆధిక్యంతో ప్రతిపాదనను సమర్థించినది. కాని అప్పటికే జరిగిన 18,000 వివాహాలు చెల్లుతాయని పేర్కొన్నది. దీనితో ఒకే వీధిలో నివసించే రెండు జంటలలో, 2008 నవంబరు 4వ తేదీకి ముందు పెళ్ళాడిన వారు దంపతులు, మిగిలినవారు కారు అనే విచిత్ర పరిస్థితి నాలుగు సంవత్సరాలకు పైగా కొనసాగినది.

ఇంతలో వేరొక సంస్థ ఆధ్వర్యంలో సమాఖ్య న్యాయస్థానంలో మరొక వ్యాజ్యం నడిచినది. అక్కడ ఓడిపోతే దేశమంతటా నష్టం కలుగునని పాత సంస్థలు మొదట జంకినవి. 2010 ఆగస్టు 4న న్యాయమూర్తి వాన్ వాకర్ 8వ ప్రతిపాదన రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాడు. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేయుటకు నిరాకరించగా ప్రతిపాదకులు చేశారు. అప్పీలు చేసే అర్హత వారికి లేదని 2013 జూన్ 26న అమెరికా సుప్రీం కోర్టు తేల్చుటతో వాకర్ తీర్పు నిలిచినది. జూన్ 28న వివాహాలు తిరిగి మొదలైనవి. 2015 జూన్ 26 నాటి సుప్రీం కోర్టు తీర్పుతో ఈ హక్కు దేశమంతటికీ విస్తరించినది.

పాఠశాలలు, ఇతర రంగాలు

2011లో ఎస్.బి. 48 అనే చట్టం ఆమోదించబడినది. మార్క్ లీనో ప్రవేశపెట్టిన దీనికి ఈక్వాలిటీ కాలిఫోర్నియా ప్రాయోజక సంస్థలలో ఒకటి. సాంఘిక శాస్త్ర బోధనలో లైంగిక అల్పసంఖ్యాకుల, వికలాంగుల పాత్రను కూడా చేర్చవలెనని ఈ చట్టం నిర్దేశించినది. 2016లో పాఠ్య ప్రణాళిక మారినది. 2017లో రాష్ట్ర విద్యామండలి కొత్త పాఠ్యపుస్తకాలను ఆమోదించినది. చట్టం జరిగిన నాటి నుండి పుస్తకం విద్యార్థి చేతికి వచ్చుటకు ఆరు సంవత్సరాలు పట్టినదన్న మాట. కాలిఫోర్నియా ప్రభుత్వ పాఠశాలలలో చదివే తెలుగు కుటుంబాల పిల్లలకూ ఈ ప్రణాళిక వర్తిస్తుంది.

సంస్థ బలపరచిన మరికొన్ని చట్టాలు:

- 2009: హార్వీ మిల్క్ జన్మదినమైన మే 22ను రాష్ట్రంలో విశేష దినంగా గుర్తించిన చట్టం.
- 2012: ఎస్.బి. 1172. మైనర్ల లైంగిక ఆకర్షణను మార్చుటకు లైసెన్సు గల చికిత్సకులు ప్రయత్నించరాదని దేశంలో మొదటిసారిగా నిషేధించిన చట్టం.
- 2013: ఎ.బి. 1266. ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు తమ లింగ గుర్తింపునకు అనుగుణంగా పాఠశాల కార్యక్రమాలలో పాల్గొనుటకు వీలు కల్పించినది.
- 2017: ఎస్.బి. 179. గుర్తింపు పత్రాలలో స్త్రీ, పురుష కాక మూడవ ఎంపికను ఇచ్చినది.
- 2017: ఎస్.బి. 239. హెచ్.ఐ.వి. కలవారికి మాత్రమే ప్రత్యేకించిన కఠిన శిక్షలను తగ్గించినది.

2024 రాజ్యాంగ సవరణ

2013 తరువాత 8వ ప్రతిపాదన నిష్ఫలమైనప్పటికీ దాని 14 పదాలు రాష్ట్ర రాజ్యాంగంలో అలాగే మిగిలియున్నవి. 2022 జూన్ 24న అమెరికా సుప్రీం కోర్టు గర్భస్రావ హక్కుకు సంబంధించిన పాత తీర్పును త్రోసిపుచ్చినది. 2015 నాటి వివాహ తీర్పును కూడా పునఃపరిశీలించవలెనని న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ తన ప్రత్యేక అభిప్రాయంలో వ్రాశాడు. అదే జరిగినచో మరుగున పడిన ఆ పదాలు మరల ప్రాణం పోసుకొనగలవన్న ఆందోళన మొదలైనది.

ఇవాన్ లో, స్కాట్ వీనర్ ప్రవేశపెట్టిన సవరణ తీర్మానాన్ని 2023లో ఉభయ సభలు ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించినవి. ఈక్వాలిటీ కాలిఫోర్నియా దీని ప్రాయోజక సంస్థలలో ఒకటి. 2024 నవంబరు 5న 3వ ప్రతిపాదనగా ప్రజల ముందుకు వచ్చిన ఈ సవరణను సుమారు 62.6 శాతం ఓటర్లు ఆమోదించారు. 2000లో స్వలింగ వివాహాన్ని కాదన్నవారు 61.4 శాతం. అంటే 24 సంవత్సరాలలో అదే రాష్ట్రంలో ఆధిక్యం ఒక పక్షం నుండి మరొక పక్షానికి దాదాపు పూర్తిగా మారినది.

భారతదేశంలో పరిస్థితి

న్యాయస్థానం ద్వారా లభించిన హక్కు తిరిగి పోవుట మన దేశంలో కూడా జరిగినది. భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ వయోజనుల పరస్పర సమ్మతికి వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న తీర్పు ఇవ్వగా, సుప్రీం కోర్టు 2013 డిసెంబరు 11న దానిని రద్దు చేసినది. తిరిగి 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టే ఆ హక్కును నిలబెట్టినది. అయితే మన రాజ్యాంగంలో పౌరులు సంతకాలు సేకరించి సవరణను ప్రజల ఓటుకు పెట్టే పద్ధతి లేదు. కనుక ఇక్కడి మలుపులన్నీ న్యాయస్థానాలలోనే జరిగినవి.

స్వలింగ వివాహాల గుర్తింపు కొరకు వేసిన వ్యాజ్యంలో ప్రధాన పిటిషనర్లు హైదరాబాదులో నివసించే జంట. 2023 అక్టోబరు 17న సుప్రీం కోర్టు ఆ గుర్తింపును ఇచ్చుటకు నిరాకరించి, అది చట్టసభల పరిధిలోని విషయమని పేర్కొన్నది. అదే సంవత్సరం జూలై 6న తెలంగాణ హైకోర్టు, నిజాం కాలంలో 1919లో చేయబడి హిజ్రాలను అనుమానితులుగా నమోదు చేసిన చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.

ఇవి కూడా చూడండి

- హార్వీ మిల్క్
- కాలిఫోర్నియా రాజ్యాంగం
- ప్రజాభిప్రాయ సేకరణ
- భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్
- హిజ్రా